నాలుగు సీసపు ముక్కలు

వైట్‌చాపెల్ సందులో, చేపల దుకాణం కింద
మామ హిర్ష్‌బేర్ అచ్చుకొట్టు.
మధ్యాహ్నం రెండింటికే వెలుతురు అయిపోయేది.
నా పని విప్పడం.
అచ్చయిన పేజీని విడదీసి
ఏ అక్షరాన్ని ఆ గడిలో వేయడం.
పన్నెండేళ్లకే నా వేలికొసలు బూడిద రంగు.

సాదె, యోద్, వావ్, తోక దిగిన నూన్.
కుడి నుంచి ఎడమకి నాలుగు ముక్కలు: సీయోను.
ఆ చలికాలం సాదెల గడి ఎప్పుడు చూసినా ఖాళీ.
అందరికీ అదే మాట కావాలి,
అందరికీ రేపటికే కావాలి.

రెబ్ ఆన్షెల్ కరపత్రం వేయించాడు, వద్దని.
తలుపు తీసేది పైవాడు,
మనం గడియ విరగ్గొట్టకూడదు, అని.
రోజుకు మూడుసార్లు ఆ కొండకేసి తిరిగి ప్రార్థిస్తాడు,
కాలిపోయిన గుడి కోసం ఏటా నేల మీద కూర్చుంటాడు.
"ఏడుస్తాడు గానీ టికెట్టు కొనడు"
అనేవాడు మామ, ఆయన మెట్లెక్కి వెళ్లాక.

లేజెర్ కిషినేవ్ నుంచి వచ్చాడు.
అక్క సంగతి అడిగితే వాతావరణం గురించి చెప్పేవాడు.
పార పట్టి ఎరగడు, కోట్లు ఇస్త్రీ చేసే చేతులు.
జేబులో మాత్రం విత్తనాల జాబితా.
ఆఫ్రికాలో నేల ఇస్తామన్నారని తెలిసిన వారం
వాళ్ల సంఘం రెండు ముక్కలైంది.
ఏ కప్పైనా చాలన్నవాళ్లు కొందరు,
ఆ కొండే కావాలన్నవాళ్లు కొందరు.
లేజెర్ కళ్లద్దం పగిలింది.
ఏ పక్షం పగలగొట్టిందో చెప్పలేదు.

కాజాలు కుట్టే తోయ్‌బె అత్త నవ్వేది:
"నా సీయోనా? పది గంటల పనిదినం. ఇక్కడే."

పాలు పోసే గ్వెన్‌లియన్, వేల్స్ మనిషి,
అచ్చుపలక మీదికి వంగి ఒకరోజు అంది:
"నా పెళ్లి సీయోనులోనే అయింది,
బొగ్గుగని పక్క ప్రార్థనామందిరం, వాన కురుస్తోంది."
మామ క్యాన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

రెవరెండ్ పెలో డబ్బు ముందే ఇచ్చేవాడు.
నాకు అల్లం బిళ్ల.
ఆయన పుస్తకం నిండా దానియేలు లెక్కలు,
కొమ్ములు, ముద్రలు, సంవత్సరాల కూడికలు.
"మీవాళ్లు తిరిగి వెళ్లాలమ్మా, అది మొదటి మెట్టు."
తర్వాత?
"ప్రభువు వస్తాడు."
మరి మేము?
చేతి తొడుగు సవరించుకున్నాడు.
"మీ కళ్లు తెరుచుకుంటాయి."
తెరుచుకోని కళ్ల సంగతి
ఏడో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది.
ఆ పేజీ విప్పింది నేనే.
మంచివాడు. మమ్మల్ని నిజంగానే ప్రేమించాడు,
వంతెనను ప్రేమించినట్టు.

యాఫా నుంచి జిర్యిస్ వచ్చేవాడు,
నారింజ పెట్టెల మీద చీటీల కోసం.
తనూ క్రైస్తవుడే, మెడలో వెండి శిలువ.
సీయోను అంటే ఏమిటని అడిగాను.
"మా అత్తగారిల్లు ఆ కొండ మీదే.
మెట్లు ఎక్కువ. ఆవిడకి ఆయాసం."
తన పేరు తన లిపిలో వేయమన్నాడు.
మా కొట్లో ఆ అక్షరాలు లేవు.

పద్నాలుగేళ్లు గడిచాయి. యుద్ధం.
నారింజలు రావడం మానేశాయి.
నవంబరులో ఒక మంత్రి ఉత్తరం పత్రికలో పడింది.
లేజెర్ మెట్ల మీద కూలబడి
మొదటిసారి అక్క పేరు చెప్పాడు: ఫ్రూమె.
పెలో కేకు తెచ్చాడు, కళ్లు తడిగా.
రెబ్ ఆన్షెల్ ఆ వైపే రాలేదు.
జిర్యిస్ నిలబడే చదివాడు, రెండుసార్లు.
"మేమెక్కడ?"
మామ వేలుతో చూపించాడు.
యూదులు కానివారు, అని ఉంది.
"కానివాళ్లం," అన్నాడు జిర్యిస్,
కొత్త మాట నేర్చుకుంటున్నట్టు.
టోపీ తీసుకుని మెట్లెక్కాడు.
గోడ మీద అతని పాత చీటీ,
వెలిసిన నారింజ, మా అక్షరాల్లో అతని పేరు.

ఆ రాత్రి పనిలో ఉన్న పేజీ విప్పాను.
సాదె సాదెల్లోకి, యోద్ యోదుల్లోకి.
గడిలో పడ్డాక
ఏది ఎవరి సీయోనులోదో తెలియదు.
కేకు ముక్క అందుకోబోతే మామ కసిరాడు,
నాకింకా పన్నెండేళ్లే అన్నట్టు:
ముందు చేతులు కడుక్కో,
సీసం విషం.